డిసెంబరు 31 రాత్రి దివ్యసత్ప్రసాద ఆరాధన: ఏర్పాట్లు ఎలా చేసుకోవాలి

క్రిస్మస్ పూజకు నెల ముందు నుంచే పాటల ప్రాక్టీసు, పాక (యేసు పుట్టిన పశువుల పాక నమూనా) కట్టడం, స్టార్లు వేలాడదీయడం మొదలవుతాయి. వారం తిరక్కుండానే వచ్చే డిసెంబరు 31 రాత్రి ఆరాధనకు (పూజలో అభిషేకించిన అప్పాన్ని, అంటే దివ్యసత్ప్రసాదాన్ని, పీఠం మీద ఉంచి ప్రార్థించే గంటకు) మాత్రం ఆ సాయంత్రం ఆరు దాటాక గానీ కదలిక ఉండదు. అందుకే ఏటా అవే ప్రశ్నలు. కొవ్వొత్తులు ఎన్ని పెట్టాలి? ఫాదర్ గారు వేరే ఊరికి పూజకు వెళితే ఉపదేశి గారు (ఊళ్ళో ప్రార్థనలు నడిపించే బోధకుడు) ఆరాధన పెట్టవచ్చా? మధ్యలో జపమాల చెప్పవచ్చా? ధూపం ఎందుకు ఆరిపోతోంది? ఇది సాక్రిస్టీ (పూజా వస్త్రాలు, పాత్రలు ఉంచే గది) చూసుకునేవాళ్ళకు, పీఠ బాలకులను (పూజలో ఫాదర్ గారికి సాయపడే పిల్లలను) నడిపించేవాళ్ళకు, గాయక బృందానికి, ఉపదేశులకు రాసింది. పూజ 12 గంటలకు, అంతకు ముందు ఆరాధన 10:30 నుంచి 11:30 వరకు అనుకుని సమయాలు ఇచ్చాం. మీ విచారణలో (పారిష్‌లో) పూజ 11కే మొదలయ్యేట్టయితే అన్నీ ఒక గంట ముందుకు జరుపుకోండి.

కావలసినవి

- మాన్‌స్ట్రెన్స్ (అప్పాన్ని జనానికి కనబడేలా నిలబెట్టే లోహపు స్టాండు), దాని మధ్యలో అమరే లునెట్ (అప్పాన్ని నిలబెట్టే గుండ్రటి గాజు బిళ్ళ)
- లునెట్‌కు సరిపోయే, ముందే పూజలో అభిషేకించిన పెద్ద అప్పం
- ఉతికి ఇస్త్రీ చేసిన కార్పొరల్ (పీఠం మీద పరిచే తెల్లబట్ట)
- కొవ్వొత్తులు 4 లేదా 6, ఒక్కొక్కటి కనీసం రెండు గంటలు వెలిగేంత పొడవువి
- ధూప కలశం, బొగ్గు బిళ్ళలు 4, సాంబ్రాణి, పట్టకారు, అగ్గిపెట్టెలు రెండు
- ఇసుక పోసిన మట్టి మూకుడు
- తెల్లని కోప్ (గురువు, అంటే ఫాదర్ గారు, వేసుకునే పొడవాటి పై అంగీ), ఆశీర్వాదమప్పుడు గురువు భుజాల మీద కప్పుకునే తెల్లని పొడవాటి వస్త్రం
- మందసం (దివ్యసత్ప్రసాదాన్ని భద్రపరిచే పెట్టె) తాళంచెవి, గంట
- చార్జింగ్ నిండుగా ఉన్న టార్చిలైటు. కరెంటు పోతే జనరేటరు వేసేవాళ్ళు ఎవరో పేరుతో సహా ముందే తేల్చుకోండి.

1. పెద్ద అప్పం ఉందో లేదో 30వ తేదీనే చూడండి

అన్నిటికన్నా ఎక్కువగా జరిగే పొరపాటు ఇదే. డిసెంబరు 31 సాయంత్రం చాలా విచారణల్లో పూజ ఉండదు, అర్ధరాత్రి ఎలాగూ ఉందని. రాత్రి 10:20కి మందసం తెరిచి చూస్తే లునెట్ ఖాళీగా ఉంటుంది. అప్పుడు చేయగలిగిందేమీ లేదు. పూజ వెలుపల అప్పాన్ని అభిషేకించడాన్ని తిరుసభ చట్టం ఏ పరిస్థితిలోనూ ఒప్పుకోదు. కాబట్టి 30 లేదా 31 ఉదయం పూజలో ఫాదర్ గారి పళ్ళెంలో రెండో పెద్ద అప్పం కూడా పెట్టాలి, ఆ సంగతి పూజకు ముందే ఆయనకు చెప్పాలి. చెప్పకపోతే రెండూ విరిచి పంచేస్తారు.

కొలత కూడా చూడాలి. గురువులు వాడే మామూలు పెద్ద అప్పం సుమారు 70 మిల్లీమీటర్లు, అంటే రెండుముప్పావు అంగుళాలు. మాన్‌స్ట్రెన్స్‌లన్నిటి లునెట్‌లూ ఆ కొలతవి కావు. గాజు లోపలి వ్యాసాన్ని స్కేలుతో కొలిచి, దానికన్నా రెండు మూడు మిల్లీమీటర్లు తక్కువ ఉన్న అప్పాలు కొనండి. బిగుతుగా దూర్చిన అప్పం అంచు విరుగుతుంది, వదులైనది మాన్‌స్ట్రెన్స్ ఎత్తగానే పక్కకు ఒరుగుతుంది. ఎలా అమరుతుందో అభిషేకించని అప్పంతో ఒకసారి పెట్టి చూడండి. ఆ ప్రయోగం అయ్యాక దాన్ని తీసి వేరే డబ్బాలో వేయడం మరిచిపోవద్దు. అభిషేకించనిది లునెట్‌లోనే ఉండిపోతే ఏమవుతుందో చెప్పనక్కర్లేదు.

సముద్రతీర జిల్లాల్లో చలికాలపు తేమకు అప్పం మెత్తబడి గాజుకు అంటుకుంటుంది. లునెట్‌లోని అప్పాన్ని తరచూ మార్చాలన్న నియమానికి ఇక్కడ అదనపు కారణం కూడా ఉందన్నమాట.

ఏం చేసినా పెద్ద అప్పం దొరకలేదంటే, ఆరాధన మానుకోనక్కర్లేదు. దివ్యసత్ప్రసాదాలు ఉన్న పాత్రనే మూతతో సహా కార్పొరల్ మీద ఉంచి ఆరాధించవచ్చు. దానికి రెండు కొవ్వొత్తులు చాలు, ధూపం తప్పనిసరి కాదు. మాన్‌స్ట్రెన్స్ వాడితే మాత్రం నాలుగు నుంచి ఆరు వెలిగించాలి, ధూపం ఉండాలి.

2. ఎవరు ఏం చేయవచ్చో తేల్చుకోండి

దివ్యసత్ప్రసాదాన్ని స్థాపించి (ఆరాధనకు పీఠం మీద బయట ఉంచి), చివర ఆశీర్వాదం ఇవ్వగలిగేది గురువు లేదా డీకన్ (గురువు కింది అంతస్తు అభిషిక్తుడు) మాత్రమే. వారు లేనప్పుడు, మేత్రాణులు (బిషప్పు గారు) అనుమతి ఇచ్చిన దివ్యసత్ప్రసాద పరిచారకులు బయట ఉంచవచ్చు, తిరిగి మందసంలో పెట్టవచ్చు. కానీ ఆశీర్వాదం ఇవ్వకూడదు. ఉపదేశి గారైనా, సిస్టర్ గారైనా ఇదే వర్తిస్తుంది. హోదా ఎంత పెద్దదన్నది కాదు, అనుమతి ఉందా లేదా అన్నదే ప్రశ్న.

మందసం లేని చిన్న ఊళ్ళలో ఆరాధన జరపడం కుదరదు. అక్కడ ఉపదేశి గారు అదే గంటను వాక్య పఠనం, కీర్తన, మౌనం, జపమాలతో నడపవచ్చు. అది తక్కువదేమీ కాదు. కానీ దాన్ని "ఆరాధన" అని మైకులో ప్రకటించవద్దు. జనం మందసం కోసం వెతుక్కుంటారు.

3. పీఠం చుట్టూ చోటు చేయండి

క్రిస్మస్ అలంకరణ ఇంకా అలాగే ఉంటుంది, ఉండాలి కూడా. క్రిస్మస్ కాలం క్రీస్తు జ్ఞానస్నాన పండుగ దాకా నడుస్తుంది. అయితే ఈ గంట కోసం నాలుగు పనులు చేయాలి.

పాక పీఠానికి ఎదురుగా ఉంటే, కూర్చున్న జనానికి మాన్‌స్ట్రెన్స్ కనబడుతుందో లేదో వెనక బెంచీ దగ్గర నేలమీద కూర్చుని చూడండి. నిలబడి చూస్తే తెలియదు.

పాకలోని వరిగడ్డి ఈపాటికి వారం రోజులు ఎండి ఉంటుంది. మంచు కోసం పరిచిన దూది, థర్మోకోల్ అంతకన్నా త్వరగా అంటుకుంటాయి. కొవ్వొత్తికీ వీటికీ మధ్య కనీసం నాలుగడుగుల దూరం ఉంచండి. పండుగకు వచ్చే ఇరుగుపొరుగు హిందువులు కూడా బాలయేసు దగ్గర కొవ్వొత్తి వెలిగించి వెళుతుంటారు. వాళ్ళను ఆపవద్దు. ఇసుక పళ్ళెం ఒకటి గుమ్మం బయట పెట్టి అక్కడ వెలిగించమనండి.

సీరియల్ లైట్లు ఆపండి. ఆరిపోతూ వెలుగుతూ ఉండేవి, మరీ ముఖ్యంగా కీచుగొంతుతో ట్యూను పాడేవి. మైకు ఆగిన మరుక్షణం ఆ డబ్బాలోంచి సన్నగా పాట వినబడుతుంది, అప్పటిదాకా అది మోగుతోందని ఎవరికీ తెలియదు. స్విచ్ ఆపితే చాలదు, ప్లగ్గు పీకేయండి.

పీఠం మీది ఫ్యాను కూడా ఆపాలి. కొవ్వొత్తి ఒకవైపే కరిగి కార్పొరల్ మీద మైనం కారేది గాలివల్లే. ఫ్యాను తప్పనిసరైతే గాజు చిమ్నీలు తొడగండి.

మన దేశంలో పూజలో కొవ్వొత్తులకు బదులు నూనె దీపాలు, గొలుసుల కలశానికి బదులు పిడి ఉన్న ధూప పాత్ర, మోకరించడానికి బదులు చేతులు జోడించి వంగి నమస్కరించడం వంటివాటికి 1969లోనే రోము నుంచి అనుమతి వచ్చింది. మీ మేత్రాసనంలో వాటి వాడుక ఎలా ఉందో ఫాదర్ గారిని అడిగి, ఆరాధనలోనూ అలాగే నడుచుకోండి.

4. ధూపం సిద్ధం చేయడం

బిళ్ళ బొగ్గును 10:18కి ఆరుబయట వెలిగించండి. మొదట చిటపటలాడుతూ నిప్పురవ్వలు ఎగురుతాయి, ఆ దశలో సాక్రిస్టీలో ఉంచితే వస్త్రాలకు చిల్లులు పడతాయి. అంచుల నుంచి మధ్యదాకా తెల్లటి బూడిద పొర కమ్మాలి. దానికి పది నిమిషాలు పడుతుంది. నల్లగా ఉన్నప్పుడే సాంబ్రాణి వేస్తే పొగ రాదు, జిగురు కరిగి బొగ్గునే ఆర్పేస్తుంది. కొబ్బరి చిప్పల బొగ్గయితే పొయ్యిలో ఎర్రగా కాల్చి, మూడు నాలుగు ముక్కలు పట్టకారుతో వేసుకోండి. వాసన కూడా బాగుంటుంది.

సాంబ్రాణి అర చెంచా చాలు. గుప్పెడు వేస్తే ముందు వరుసలోని పిల్లలు దగ్గుతారు, బొగ్గూ ఊపిరాడక చస్తుంది.

స్థాపనకు వెలిగించిన బొగ్గు ఆశీర్వాదం వేళకు బూడిదై ఉంటుంది. 11:08కి ఎవరో ఒకరు లేచి రెండో జత వెలిగించాలి. ఆ పని ఒక పీఠ బాలకుడికి అప్పగించి, వాడి చేతికి వాచీ పెట్టండి. అందరూ కళ్ళు మూసుకుని ప్రార్థిస్తున్న గంటలో "నేను చూసుకుంటాలే" అన్నవాళ్ళెవరూ చూసుకోరు.

5. స్థాపన, 10:30

జనం మోకరించి పాట ఎత్తుకోవాలి. గురువు మందసం నుంచి లునెట్ తెచ్చి, మాన్‌స్ట్రెన్స్‌లో అమర్చి, కార్పొరల్ మీద జనం వైపు తిప్పి నిలబెడతారు. కిందికి దిగి మోకరించి ధూపం వేస్తారు. గాయక బృందం పాట రెండు చరణాల్లో ముగించాలి. ఐదు చరణాలూ పాడాలన్న పంతం ఇక్కడ వద్దు.

మోకరించేటప్పుడు ఒక మోకాలు చాలునని ఇప్పటి నియమం. పెద్దవాళ్ళు రెండు మోకాళ్ళూ ఆనించి నేలకు నుదురు తాకిస్తారు. వాళ్ళను దిద్దనక్కర్లేదు.

6. గంటను పంచుకోవడం

ఎక్కువ చోట్ల గంటంతా పాటలే నిండిపోతాయి. ఇలా పంచుకుంటే నడుస్తుంది:

10:35 వాక్య పఠనం. లూకా 2:1-7, తర్వాత యోహాను 6:48-58. బేత్లెహేము అంటే హీబ్రూలో రొట్టెల ఇల్లు అని అర్థం. శిశువును పడుకోబెట్టింది పశువులు మేత తినే తొట్టిలో. ఈ రెండు మాటలు చెబితే పాకకూ పీఠానికీ ఉన్న సంబంధం జనానికి అర్థమైపోతుంది. అస్సీసి ఫ్రాన్సిస్ గారు 1223లో గ్రెచ్చోలో పాక కట్టించినప్పుడు కూడా ఆ తొట్టి దగ్గరే పూజ జరిగింది. ఇంతకు మించి ప్రసంగం వద్దు. సంఖ్యాకాండము 6:22-27, గలతీయులకు 4:4-7, లూకా 2:16-21 చదవకండి. అవి 12 గంటల పూజలో రాబోయే పఠనాలు.

10:45 మౌనం, పూర్తి పది నిమిషాలు. కీబోర్డు కూడా వద్దు. వాచీ చూసి పది. మైకు దగ్గరున్న మనిషికి మూడో నిమిషానికే చేతులు దురద పెడతాయి, "ఇంకా మౌనంగా ప్రార్థిద్దాం" అని ప్రకటించాలనిపిస్తుంది. మైకు స్విచ్ ఆపి, ఆయన్ను కింద కూర్చోమనండి. అలవాటు లేని విచారణ అయితే మొదటి ఏడాది ఐదు నిమిషాలతో మొదలుపెట్టండి.

10:55 ఏడాదికి కృతజ్ఞత. 136వ కీర్తన ఇందుకు బాగా కుదురుతుంది. ఒకరు చదువుతుంటే ప్రతి పాదానికీ జనమంతా ఒకే పల్లవి చెబుతారు, పుస్తకాలు అక్కర్లేదు. కీర్తన తర్వాత విచారణ రిజిస్టర్ల నుంచి ఆ ఏడాది జ్ఞానస్నానం పొందిన పిల్లల పేర్లు, వివాహమైన జంటల పేర్లు, చనిపోయినవారి పేర్లు చదవండి. మన విచారణల్లో జనాన్ని నిజంగా కదిలించేది ఇదే. కొడుకు పేరు వినబడగానే ఒక తల్లి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంటుంది. అందుకే ఈ జాబితాలో పొరపాటు జరగకూడదు. 28వ తేదీకల్లా రాసుకుని, ఒక్కో చిన్న క్రైస్తవ సంఘం పెద్దకు చూపించి సరిచూసుకోండి. వేరే ఊళ్ళో అంత్యక్రియలు జరిగినవాళ్ళ పేర్లు మీ రిజిస్టరులో ఉండవు, అడిగి చేర్చాలి. ఒక్క పేరు తప్పిపోతే ఆ ఇంటివాళ్ళు వచ్చే క్రిస్మస్ దాకా మరిచిపోరు. చదివేవాళ్ళు ఇంటిపేర్లు ముందే ఒకసారి బయటికి చదివి చూసుకోవాలి.

11:08 జపమాలలో ఒక దశకం (పది పూసల భాగం), సంతోష రహస్యాల్లోని మూడవది, యేసు జననం. దివ్యసత్ప్రసాదం ముందు జపమాల చెప్పవచ్చా అంటే చెప్పవచ్చు, 2004లో రోము నుంచి వచ్చిన సూచనల్లో ఆ మాట స్పష్టంగా ఉంది. అయితే అయిదు దశకాలూ, ఆ తర్వాత ప్రార్థనమాలలూ అంటూ గంటంతా దానికే ఇచ్చేయవద్దు. దశకం అయ్యాక మళ్ళీ కాసేపు మౌనం.

11:17 తె దేయుం (దేవుణ్ణి స్తుతించే పాత లాటిన్ గీతం), మీ ప్రార్థన పుస్తకంలో ఉన్న తెలుగు అనువాదం. ఏడాది చివరి రోజున దేవాలయంలో దీన్ని అందరితో కలిసి చెప్పినవారికి సంపూర్ణ పాపశిక్షా విమోచనం (క్షమించబడిన పాపాలకు మిగిలిన శిక్ష పూర్తిగా తొలగడం) లభిస్తుంది. జనవరి 1న పవిత్రాత్మ గీతం "వేని క్రెయాతోర్" చెప్పినా అంతే. అరగంట ఆరాధనకూ అదే ఉంది. కానీ రోజుకు ఒక్కటే పొందగలరు. మామూలు షరతులు తప్పవు: పాపసంకీర్తనం (గురువు దగ్గర పాపాలు ఒప్పుకోవడం), దివ్యసత్ప్రసాద స్వీకరణ, పోపుగారి ఉద్దేశాల కోసం ప్రార్థన, ఏ పాపం మీదా మమకారం లేకపోవడం. పాపసంకీర్తనం ఆ రాత్రే కానక్కర్లేదు, కొద్దిరోజులు అటూ ఇటూ అయినా సరిపోతుంది. ఫాదర్ గారు ఒక్కరే ఉన్న చోట ఈ మాట ముందు ఆదివారమే ప్రకటించండి, లేకపోతే 31 రాత్రి వరుస గుమ్మం దాటుతుంది.

7. ఆశీర్వాదం, 11:22

గురువు పీఠం ముందు మోకరిస్తారు. "తాంతుం ఎర్గో" (దివ్యసత్ప్రసాద స్తుతిగీతం) లాటిన్‌లోనో తెలుగులోనో పాడుతుండగా ధూపం వేస్తారు. లేచి ప్రార్థన చెబుతారు. పీఠ బాలకుడు భుజాల మీద తెల్లని వస్త్రం కప్పుతాడు. గురువు దాని అంచులతోనే మాన్‌స్ట్రెన్స్ పట్టుకుని, జనం మీద సిలువ గుర్తు వేస్తారు. ఆ క్షణంలో ఆయన ఏ మాటా పలకరు, పాట కూడా ఉండకూడదు. గంట మోగించే పిల్లవాడికి ఎప్పుడు మొదలుపెట్టాలో, ఎప్పుడు ఆపాలో ముందే చెప్పండి. తర్వాత దైవస్తుతులు, మందసంలో భద్రపరచడం, చివరి పాట.

భుజాల వస్త్రం కొక్కెం పనిచేస్తుందో లేదో సాయంత్రమే చూసుకోండి. సగంలో జారిపోయేది ఎప్పుడూ ఆ కొక్కెం వల్లే.

ఆశీర్వాదం కోసమే రెండు నిమిషాలు బయటపెట్టి లోపల పెట్టేయడం నిషిద్ధం. టైము చాలకపోతే గంటను అరగంట చేయండి, ప్రార్థనా మౌనమూ మాత్రం ఉండాలి.

8. పూజకు ముందు అరగంట

దివ్యసత్ప్రసాదం బయట ఉండగా అదే గుడిలో పూజ మొదలుపెట్టకూడదు. మందసం తాళం పడ్డాకే పూజ ఏర్పాట్లు. ఈ అరగంటలో యువత కేకు తెస్తారు. దివ్యసత్ప్రసాదం స్వీకరించడానికి గంట ముందు నుంచి ఉపవాసం కాబట్టి కేకు, టీ పూజ తర్వాతే. మంచినీళ్ళు, మందులు తీసుకోవచ్చు. వృద్ధులకు, రోగులకు, వాళ్ళను చూసుకునేవాళ్ళకు ఈ నియమం వర్తించదు.

ఎక్కువగా జరిగే పొరపాట్లు

- ఆరాధన మధ్యలో ఫొటో కోసం మాన్‌స్ట్రెన్స్‌కు వీపు పెట్టి నిలబడటం. ఫోన్ల సంగతి 10:25కే ఒకసారి చెప్పండి, తర్వాత చెప్పవద్దు.
- గుడి లోపలికి వచ్చి నేరుగా బాలయేసు స్వరూపం దగ్గరికి వెళ్ళడం. ముందు దివ్యసత్ప్రసాదానికి మోకరించాలి. స్వరూపాన్ని ముద్దు పెట్టుకునే వరుసను ఆ గంటలో ఆపి, పూజ తర్వాత పెట్టుకోండి.
- ఎవరూ లేకుండా వదిలేయడం. క్షణమైనా కూడదు. పగలంతా ఆరాధన పెట్టే విచారణలు అరగంటకు ఇద్దరి చొప్పున రాసుకోవాలి. ఉదయం 6 నుంచి సాయంత్రం 6 దాకా అంటే 24 వంతులు, 48 మంది. మధ్యాహ్నం ఒంటిగంట నుంచి మూడు దాకా ఎవరూ పేరివ్వరు. ఆ నాలుగు వంతులనూ ముందు నింపి, తర్వాతే మిగతావి అడగండి. రానివాళ్ళ కోసం మరో నలుగురిని పక్కన ఉంచుకోండి.

అంతా సరిగా జరిగిందా? తాళం వేసేముందు చూడండి

మాన్‌స్ట్రెన్స్ ఖాళీగా ఉందా? లునెట్ మందసంలోకి వెళ్ళిందా? తాళంచెవి ఫాదర్ గారి చేతికి చేరిందా, లేక తలుపుకే వేలాడుతోందా? మందసం దగ్గరి దీపం వెలుగుతోందా? కార్పొరల్‌ను దులపకుండా, లోపలికే మడిచారా? అందులో రేణువులు ఉండవచ్చు. బొగ్గు ఇసుక మూకుడులో పడిందా? పైకి బూడిదలా కనిపించినా లోపల గంటసేపు కణకణలాడుతుంది, చెత్తబుట్టలో వేయవద్దు.

చివరగా ఒక కాగితం మీద లునెట్ కొలత, మీ బొగ్గు వెలగడానికి పట్టిన నిమిషాలు, మిగిలిన కొవ్వొత్తుల లెక్క, ఆ రాత్రి తక్కువైన వస్తువు పేరు రాసి సాక్రిస్టీ బీరువా తలుపు లోపల అంటించండి. జనవరి మొదటి శుక్రవారం ఆరాధనకే అది అక్కరకొస్తుంది.